కొయ్యల కాడ బ్యాంకు

పులికాట్ నీళ్ల మధ్య మునిదిబ్బ అనే దీవిలో బ్యాంకును ఎవరూ బ్యాంకు అనరు. ‘కొయ్యల కాడికి పోయొస్తాము’ అంటారు. ఆ మాట గ్రేసీ వల్ల పుట్టింది.

గ్రేసీ ఆ దీవి కోడలు. ఆరేళ్లుగా ఒడ్డునున్న గ్రామీణ బ్యాంకు తరఫున బ్యాంకు మిత్రగా పనిచేస్తోంది. అరచేతిలో ఇమిడే యంత్రం, నీలం సంచీ, గొడుగు. అంతే ఆమె శాఖ. మొదట్లో బడి వరండాలో కూర్చునేది. సిగ్నల్ మాత్రం అక్కడికి తొందరలో ఉన్న చుట్టంలా వచ్చి, కూర్చోకుండానే వెళ్లిపోయేది. ఒకరోజు పెళ్లికని పడవలో పోతుంటే, వలలు కట్టడానికి నీళ్లలో పాతిన మూడు కొయ్యల దగ్గర సంచీలోని యంత్రం తనంతట తానే కీచుమంది. గ్రేసీ పడవ ఆపించింది. తాళి కట్టే వేళ దాటిపోయింది గానీ, అదే పడవలోని ముగ్గురు ముసలమ్మలు ఎన్నాళ్లుగానో అందని ఉపాధి కూలితో పెళ్లిలో దిగారు.

అప్పటినుంచి మంగళ, శుక్రవారాల్లో జాలరి చిన్నబ్బ పడవే బ్యాంకు. పడవ ఊగితే వేలు జారుతుంది. అందుకని ఒకరి వేలిముద్రకు పదిమంది ఊపిరి బిగబట్టడం ఆచారమైంది. ఆ క్షణాన నీళ్లు కూడా ఆగి చూస్తున్నట్టుండేవి.

ఈ చలికాలం, రాజహంసలు దిగిన వారంలోనే కబురొచ్చింది. శాశ్వత చిరునామా లేని బ్యాంకు మిత్ర కేంద్రాలను ఎత్తేస్తారట. తిరుపతి నుంచి సుదర్శనం అనే అధికారి చూడ్డానికి వస్తున్నాడట. కేంద్రం పోతే గ్రేసీ పని పోతుంది. ప్రతి చిన్న అవసరానికీ దీవి జనం ఒకరోజు వేట మానుకుని ఒడ్డుకు పోవాలి. ఆమె బడి వరండా కడిగి, ముగ్గేసి, బోర్డు తగిలించి, ఆ ఒక్కరోజు కొయ్యల మాట ఎత్తొద్దని ఇంటింటికీ చెప్పొచ్చింది.

సుదర్శనం తిరునామంతో, ఒళ్లో బ్యాగుతో వచ్చాడు. నీళ్లంటే భయమని అతను చెప్పలేదు. పడవ అంచును వదలని వేళ్లే చెప్పాయి. రేవులో కనిపించిన ముసలామె దేవకమ్మను బ్యాంకు ఎక్కడని అడిగాడు.

“కొయ్యల కాడ సార్” అనేసి ఆమె నాలుక కరుచుకుంది.

వరండాలో యంత్రం తెరిస్తే తెరమీద చక్రం తిరుగుతూనే ఉంది. పన్నెండు లోపల సుదర్శనం వేలిముద్ర ఆ యంత్రం మీద పడాలి. పడకపోతే అతను రానట్టే, కేంద్రం లేనట్టే. అప్పటికి పదకొండున్నర అయింది.

గ్రేసీ ఇక దాచలేదు. “నిజం సెప్తాను సార్. బ్యాంకు ఈడ లేదు. నీళ్లలో ఉండాది.”

“మళ్లీ పడవెక్కాలా అమ్మా?” అన్నాడు సుదర్శనం నీరసంగా.

“భయపడబాకండి సార్. పడినా నడుంలోతే. నామం తడవదు” అంది వెంటే వచ్చిన దేవకమ్మ.

అందరూ చిన్నబ్బ పడవెక్కారు. కొయ్యల దగ్గర యంత్రం కీచుమంది. కానీ పడవ ఊగి, అతని వేలు జారి, ముద్ర రెండుసార్లు తప్పింది.

“ఊపిరి బిగబట్టు నాయనా” అని మందలించింది దేవకమ్మ. “మేమంతా నీకోసరమే బిగబట్టుకోనుండాము.”

సుదర్శనం కళ్లు మూసుకున్నాడు. పడవ నిలిచింది. ముద్ర పడింది. అందరూ ఒక్కసారి ఊపిరి వదిలి నవ్వితే, ఆ చప్పుడుకు దూరంగా రాజహంసల గుంపు గులాబీ రంగు దుప్పటి దులిపినట్టు లేచింది.

అతను కాగితం తీసి, శాశ్వత చిరునామా అన్న గడి దగ్గర ఆగాడు. ఈ కొయ్యలు ఎన్నాళ్లనుంచి ఉన్నాయని అడిగాడు.

“మా తాత పాతినాడు సార్” అన్నాడు చిన్నబ్బ.

“మా ఆఫీసు కట్టి ఇరవై ఏళ్లే” అని గొణిగి, ఏదో రాసుకున్నాడు సుదర్శనం. ఏం రాశాడో గ్రేసీకి కనిపించలేదు.

నెల తిరగకుండా ఒక మంగళవారం, పోస్టుమాన్ వేరే పడవలో నేరుగా బ్యాంకు పడవ దగ్గరకే వచ్చాడు. కవరు మీద ‘గ్రేసీ, బ్యాంకు మిత్ర, మూడు కొయ్యలు, మునిదిబ్బ’ అని ఉంది. గ్రేసీ దాన్ని చించుతుంటే పడవలో ఎవరూ ఊపిరి తీయలేదు.

కేంద్రం ఉంటుందని రాశారు. పడవ ఒక్కసారిగా ఊగిపోయింది. ఆరోజు ఎవరూ ఆపలేదు.