రాజ్యలక్ష్మి మేడం చెప్పిన బీ టూ

ఫ్రెంచి పరీక్షలో సగటు తీస్తారని మీకెవరు చెప్పారండీ? వినడం, చదవడం, రాయడం, మాట్లాడటం, ఈ నాలుగూ కలిపి లెక్కేసి ఒకే లెవెల్ ఇవ్వరు. దేనికది విడిగా చూస్తారు. కెనడా వెళ్ళాలనుకునేవాళ్ళ గ్రూపులో పొద్దున్నుంచి ఫోన్లో ఇదే మొత్తుకుంటున్నాను. ఒకాయన ససేమిరా అంటున్నాడు. ఆయనకి ఘాటుగా జవాబు టైపు చేస్తుంటే, మా ఉప్పల్ వీధిలోకి లారీ ఒకటి వెనక్కి వస్తూ కీచుకీచుమని మోగింది. నా బొటనవేలు ఆగిపోయింది. నాచారంలో, ఫ్యాక్టరీల దారిలో, రాజ్యలక్ష్మి మేడం మాకు ఫ్రెంచి నేర్పిన మేడమీద గది గుర్తొచ్చింది. ఫ్రెంచి క్యాసెట్ వినిపించేటప్పుడు కూడా ఆవిడ కిటికీ మూయనిచ్చేవారు కాదు. "అక్కడ మాత్రం లారీలుండవా ఏంటమ్మా?" అనేవారు.

ఆవిడది యానాం. చిన్నప్పుడు బడిలో ఫ్రెంచిలోనే చదువుకున్నారట. భర్త ఉద్యోగం వల్ల నాచారం వచ్చి స్థిరపడ్డా గోదావరి మాట పోలేదు. మాది ఉప్పల్, మా మాట మాది. అవి తెలంగాణ ఉద్యమం రోజులు. ఆ గదిలో అందరం అన్నీ మాట్లాడేవాళ్ళం, ఆ ఒక్క విషయం తప్ప.

మొదటిసారి పరీక్ష రాస్తే నాకు మూడింట్లో బీ టూ వచ్చింది, మాట్లాడటంలో ఒక మెట్టు కింద, బీ వన్ దగ్గర ఆగిపోయాను. నా కెనడా ఫైలు నిలబడాలంటే అక్కడా బీ టూ కావాలి. కన్సల్టెన్సీ అతను మాత్రం "మస్తు ఈజీ అక్కా, అన్నీ కలిపితే బీ టూనే పడ్తది" అన్నాడు. ఇంటర్‌లో ఇంగ్లిష్ తక్కువొస్తే లెక్కలు ఆదుకున్నాయి కదా, నేనూ నమ్మేశాను. తీరా అతని మాట తప్పని తెలిశాక మేడంతో గొడవకి వెళ్ళాను.

"గిదేంది మేడం? మీ క్లాసుల బీ టూ అయిపోయిందని మీరే అన్నరు గద! సర్టిఫికెట్ మీద రాసియ్యిన్రి."

"రాస్తాను. కానీ అది ఎవరు చూస్తారు? వాళ్ళక్కావలసింది పరీక్షవాళ్ళిచ్చిన కాగితం. ముందు కూర్చో. నన్ను ఉప్పల్ స్టేడియానికి మ్యాచ్‌కి రమ్మని ఒప్పించు, ఫ్రెంచిలో."

పరీక్షలో వచ్చే ప్రశ్న అలాంటిదే. వెనకాడుతున్న స్నేహితుణ్ణి దేనికో ఒప్పించాలి. నేను బట్టీ పట్టింది గడగడా అందుకున్నాను. మధ్యలో ఆవిడ ఎండకి తలనొప్పి వస్తుందన్నారు. నేను ఆగకుండా, సీట్లు బాగుంటాయని చెప్పాను. మోకాళ్ళ నొప్పులన్నారు. టికెట్లు దొరుకుతాయని చెప్పాను. ఆవిడ పడీపడీ నవ్వారు.

"ఏ వన్‌లో పేరూ ఊరూ చెప్పుకుంటావు. ఏ టూలో కూరలు బేరమాడతావు. బీ వన్‌లో నీకు జరిగింది చెప్పగలవు. బీ టూలో నీతో ఒప్పుకోనివాళ్ళెదుట నిలబడతావు. నువ్వు నా మాటే వినలేదు కదే పిల్లా, ఇంకెక్కడ నిలబడ్డం?"

నాకు మండిపోయింది. బ్యాగు తీసుకుని లేచాను.

"ఆగు. నీకు కోపం బాగానే వస్తుందిగా. మీకు వేరే రాష్ట్రం ఎందుకో ఫ్రెంచిలో చెప్పు. నేను వద్దంటాను."

గదిలో అందరూ మావైపు తిరిగారు. "నిజంగనే అంటున్నరా మేడం?" అన్నాను. ఆవిడ తలూపారు. మొదలుపెట్టాను. ఉద్యోగాలు, నీళ్ళు, మా యాసకి నవ్వినవాళ్ళు... క్రియలు తప్పుతున్నా మాట మాత్రం ఆగలేదు. ఇంత ఫ్రెంచి నాలో ఎక్కడుందో నాకే ఆశ్చర్యం. ఆవిడ కూడా తగ్గలేదు. ఇక్కడే ముప్పయ్యేళ్ళు బతికాను, రేపు నేను పరాయిదాన్నా అని అడిగారు. నేను అరిచాను.

"అరవడానికి ఏ లెవెలూ అక్కర్లేదమ్మా. నేనన్నది ముందు నీ నోటితో చెప్పు. అవునని నేనన్నాక నీ జవాబు చెప్పు."

ప్రయత్నించాను. రెండుసార్లు కాదన్నారు. నా మాటలో ఆవిడ భయం లేదట, నా కోపమే ఉందట. మూడోసారి, ఇల్లు కదలకుండానే ఊరు మారిపోతుందేమోనని మీకు భయం, అన్నాను. ఆవిడ మెల్లగా తలూపారు. తర్వాత "అవును" అన్నారు. అప్పుడు నా జవాబు నెమ్మదిగా వచ్చింది, అరుపు లేకుండా.

రెండోసారి పరీక్షలో మాట్లాడటంలోనూ బీ టూ వచ్చింది. ఫైలు వెళ్ళింది, అక్కడే ఆగిపోయింది, అది వేరే గొడవ. రాష్ట్రం వచ్చిన రోజు మేడమే ఫోన్ చేశారు. ఫ్రెంచిలో అభినందనలు చెప్పి, చివర్లో తెలుగులో "నేను మాత్రం ఇప్పటికీ ఒప్పుకోలేదు సుమా" అన్నారు. ఇద్దరం నవ్వుకున్నాం.

గ్రూపులో ఆయనకి టైపు చేసిన ఘాటు జవాబు చెరిపేశాను. ముందు ఆయన వాదనేంటో రాసి, అదేనా అని అడిగాను. మనల్ని కాదనేవాళ్ళ మాట వాళ్ళే అవునని తలూపేలా చెప్పగలిగినప్పుడే ఒక భాష వచ్చినట్టని నేనంటాను. తెలుగైనా సరే. కాదంటారా? అయితే నేనన్నదేంటో ముందు మీ నోటితో చెప్పగలరా?