రెగ్యులేటర్ మీద మంచు, మా సునీత

ఈ ఉదయం బోయిన్‌పల్లిలోని మా బ్రెడ్ ఫ్యాక్టరీలో గ్యాస్ ప్రెషర్ తగ్గించే రెగ్యులేటర్ మీద తెల్లగా మంచు పేరుకుంది. బ్రెడ్ ట్రేలన్నీ ఓవెన్‌లో ఉండగానే మంట సన్నబడింది. ఇరవై ఏళ్లుగా ఫోర్‌మన్‌గా ఉన్నవాణ్ణి, కంగారులో గుడ్డ వెలిగించి రెగ్యులేటర్‌ను వెచ్చబెట్టబోయాను. నెల క్రితం చేరిన టెక్నీషియన్ సునీత నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఆగుండ్రి సార్. గ్యాస్ కాడ మంట వద్దు. ప్రెషర్ ఒక్కసారే అంత తగ్గితే గ్యాస్ చల్లబడి, లోపలి తేమ గడ్డకట్టి దారి మూసుకుంటది. రెగ్యులేటర్ కంటే ముందున్న పైపును వేడినీళ్లతో జెర వెచ్చగ చేద్దాం."

పైపుకు గుడ్డలు చుట్టి, ఓపిగ్గా వేడినీళ్లు పోసింది. పావుగంటలో మంచు కరిగి, మంట నీలంగా నిలబడింది. ఎవరు బాగుచేశారని మేనేజర్ అడిగితే, నేను చేయబోయిన పనితో సహా అంతా చెప్పేశాను. తప్పు ఇంత గర్వంగా ఒప్పుకోవడం నాకిదే మొదటిసారి. చిన్నవాళ్ల దగ్గర మీరేం నేర్చుకున్నారో చెప్పండి.