చెమ్మ చుట్టూ గీసిన గీతలు

పడవల బాబాయి గారు పోయారని పిన్ని ఫోన్ చేసినప్పుడు మేం రాజమండ్రి ఎగ్జిబిషన్ గ్రౌండ్‌లో, ఆయన కొనొద్దన్న కారవాన్‌లోనే ఉన్నాం. "నిద్దట్లోనే వెళ్ళిపోయారమ్మా. ఎవర్నీ ఇబ్బంది పెట్టలేదు" అంది. పొయ్యి మీద పాలు పొంగి కింద పడుతున్నా నాకు తెలియలేదు. స్టాల్ కట్టేసి మధ్యాహ్నానికల్లా బందరు చేరి, బండిని వాళ్ళ గుమ్మం ముందే ఆపాం. ఆయనకి నచ్చని బండిలోనే ఆయన్ని ఆఖరిసారి చూడటానికి రావలసి వచ్చింది.

ఆయన మాకు చుట్టం కాదు, పక్కింటాయన. గిలకలదిండిలో చేపల పడవలు కట్టే వడ్రంగి. నలభై ఏళ్ళు పలకల సందుల్లో దూది, గుగ్గిలం కూరి సముద్రాన్ని బయట నిలబెట్టిన మనిషి. నన్ను 'అమ్మాయ్' అనేవారు కాబట్టి మా ఆయన వాళ్ళింటికి అల్లుడు గారయ్యారు. చెవి మీద పెన్సిల్ లేకుండా ఆయన్ని చూసిన గుర్తు లేదు. పెళ్ళి భోజనాలకీ అలాగే వస్తే, పిన్ని పందిట్లోనే దాన్ని లాగి సంచిలో వేసుకునేది. ఆ రోజు చాప మీద పడుకోబెట్టిన మనిషి చెవి ఖాళీగా కనిపించింది. అప్పటిదాకా ఆపుకున్న ఏడుపు అప్పుడొచ్చింది.

మాది కలంకారీ పని. పెడనలో అచ్చు వేసిన చీరలు, దుప్పట్లు ఊరూరా ఎగ్జిబిషన్లలో అమ్ముతాం. ఏళ్ళ తరబడి స్టాల్ వెనక మూటల మీదే పడుకున్నాను. రాత్రి బాత్రూమ్ కోసం ఎక్కడికి వెళ్ళాలో తెలియక సాయంత్రం నుంచే మంచినీళ్ళు మానేసేదాన్ని. అందుకే సినిమావాళ్ళు వాడి వదిలేసిన కారవాన్ ఒకటి గుడివాడలో అమ్మకానికుందని ఎవరో ఫోటో పంపితే, మంచమూ పొయ్యీ గడియ ఉన్న బాత్రూమూ చూసి, బండి చూడకముందే అది నాదనుకున్నాను.

"ఒకసారి చూసిపెట్టండి బాబాయ్ గారూ" అంటే ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చారు. అమ్మే ఆయన లోపల అగరబత్తులు వెలిగించి ఉంచాడు. "పూజ చేశారా, వాసన దాచారా అండీ?" అని నవ్వుతూనే అడిగారు బాబాయి గారు. చెప్పులు విప్పి బండంతా వట్టి కాళ్ళతో నడిచారు. నేల మెత్తబడ్డ చోటు కంటికన్నా పాదానికే ముందు తెలుస్తుందట. మంచం కింద అరలో తలపెట్టి గాలి పీల్చారు. గోడల ప్లైవుడ్‌ని వేలి కణుపుతో కొట్టుకుంటూ పోయి, వెనక మూల ఆగారు.

"ఇక్కడొక్కచోటే కొత్త పెయింటెందుకండీ?"

"పాతది మాసిపోతేనండీ" అన్నాడు అమ్మే ఆయన.

"కొత్త పెయింటు కింద పాత నీళ్ళుంటాయమ్మాయ్" అని నాకు మాత్రమే వినపడేలా అన్నారు.

పడవ కట్టాక లోపల నీళ్ళు పోసి, బయటికి ఎక్కడ వస్తాయో చూస్తారట. ఆ పద్ధతినే తిరగేశారు. పైపు తెప్పించి బండి టాపు మీద నీళ్ళు పట్టించి, అందర్నీ లోపల కూర్చోబెట్టారు. టీ తాగాం. గంట గడిచింది. ఒక్క చుక్క పడలేదు. అమ్మే ఆయన మొహం వెలిగిపోయింది, నాదీ వెలిగింది. "తొందరెందుకు? నీళ్ళకి దారి వెతుక్కోడానికి టైం పడుద్ది" అని ఆయన కదల్లేదు. ఇంకాసేపటికి ఆ మూల బొటనవేలితో నొక్కి, ఆ వేలు నా చేతికి ఆనించారు. తడిగా ఉంది.

"కారేదాన్ని నమ్మొచ్చమ్మా, కనపడుద్ది. ఊరేదాన్ని నమ్మకూడదు. ఈ బండొద్దు."

"మీకు పడవలు తెలుసు గానీ ఆడవాళ్ళ అవసరాలు తెలీవు" అనేశాను. ఆయన పెన్సిల్ చెవి మీద సర్దుకుని చెప్పులు వేసుకున్నారు. వారం తిరక్కుండా ఆ బండే కొన్నాను. నాది మొండితనమే, ఒప్పుకుంటాను.

మొదటి పెద్ద వానకే ఆ మూల పెట్టిన చీరల కట్ట తడిసి, ఒకదాని రంగు ఇంకోదానికి అంటుకుంది. ఆయన కంట పడకూడదని డాబా మీద వాటర్ ట్యాంక్ వెనక ఆరేశాను. దాస్తే దాగుతాయా? సాయంత్రానికి సంచీతో వచ్చారు. "చెప్పానా" అన్న మాట ఆయన నోట రాలేదు. ప్లైవుడ్ విప్పి, కుళ్ళిన బద్ద మార్చి, పడవకి కూరినట్టే సందు కూరి, మళ్ళీ బిగించారు. పోతూ పోతూ బాత్రూమ్ తలుపుకి గట్టి ఇత్తడి గడియ ఒకటి వేశారు. "పాతది వదులుగా ఉందమ్మా" అన్నారంతే. గుడివాడలో నేనన్న మాటకి ఆయన ఇచ్చిన జవాబు అదొక్కటే. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

ఆ రోజే మరక చుట్టూ పెన్సిల్‌తో గీత గీశారు. "పెయింట్ వేసేద్దాం బాబాయ్ గారూ" అన్నాను. "వేస్తే మనకెలా తెలుస్తుంది? నీళ్ళని పూర్తిగా ఆపడం ఎవరి వల్లా కాదు. ఎందాకా వచ్చాయో గుర్తుండాలి" అన్నారు. నాగాయలంకలో వాళ్ళ నాన్న, ఇంటి గోడ మీద ఉప్పెన నీళ్ళు నిలిచిన గుర్తుకి ఏనాడూ సున్నం వేయనివ్వలేదట. అంతవరకే చెప్పి మాట మార్చేశారు.

అప్పట్నుంచి వాన వెలిసిన ప్రతి పొద్దునా "అమ్మాయ్, బండి తాళం" అంటూ గుమ్మంలో ఉండేవారు. చెమ్మ గీత దాటితే మళ్ళీ సందు కూరి, ఇంకో గీత. అలా నాలుగు గీతలయ్యాయి. నాలుగోదాన్ని చెమ్మ రెండేళ్ళుగా దాటలేదు. ఊళ్ళు తిరిగేటప్పుడు మా చేతికి అందాలని పెన్సిల్ ముక్క ఒకటి అక్కడే బద్ద సందులో దోపి ఉంచారు. ఇన్నేళ్ళలో "మీరన్నదే నిజం" అని ఆయనతో ఒక్కసారీ అనలేదు నేను.

ఆయన దినం అయిన మూడోనాడు పెద్ద వాన పడింది. పొద్దున వెలిశాక తాళం తీసుకుని నేనే వెళ్ళాను. ఆయనలాగే ఆ మూల బొటనవేలితో నొక్కి చూశాను. చెమ్మ నాలుగో గీత దాటి అంగుళం ముందుకొచ్చింది.

"మీరన్నదే నిజం బాబాయ్ గారూ" అన్నాను, ఖాళీ బండిలో, పైకే.

బద్ద సందులోంచి పెన్సిల్ తీశాను. బట్ట మీద వెంట్రుకవాసి తేడా రాకుండా అచ్చు వేసే చెయ్యి నాది. చెమ్మ అంచు వెంబడే మెల్లగా గీశాను. ఆయన గీసిన నాలుగూ నిలకడగా ఉన్నాయి. ఐదోది వణికింది.