గెడ్డ దగ్గర ఆగిన బాట

అరకులో కొత్తగా వేసిన నడక, సైకిల్ బాటను గెడ్డ (అక్కడ వాగునలా అంటారు) అవతలి ఊళ్లదాకా పొడిగించాలా వద్దా తేల్చే ప్రభుత్వ కమిటీకి అనుభవజ్ఞులైన పాదచారులు కావాలని మా కాలనీ వాకర్స్ సంఘానికి ఉత్తరం వచ్చింది. రోజూ పార్కు చుట్టూ నాలుగు రౌండ్లు కొట్టి, ఆనక నాలుగు ఇడ్లీలు కొట్టే మాకన్నా అనుభవజ్ఞులెవరు? రెండువేల సంవత్సరం దాటిన నాలుగైదేళ్లకు, ఒక నవంబరు శుక్రవారం, సంఘం తెల్లటోపీలు పెట్టుకుని ముగ్గురం విశాఖలో ఉదయం ఆరూ యాభైకి కిరండూల్ పాసింజరెక్కాం.

మీరు వెళ్తే కుడిపక్క కిటికీ పట్టుకోండి, లోయలు చాలావరకు అటే. సొరంగం వచ్చినప్పుడల్లా పెట్టెలో పిల్లలు కేకలేశారు. మా కార్యదర్శిగారూ వేశారు. ఆయనకి అరవై రెండు.

పదకొండుకి అరకులో దిగితే జీపు సిద్ధంగా ఉంది. బాట మొదలు కిలోమీటరు దూరమే. "ఎండగా ఉంది, మీరు నడవలేరు," అన్నారు కమిటీ అధికారి. పాదచారులం జీపెక్కాం.

బాట బాగుంది. ఎర్రమట్టి పరిచి, అటూ ఇటూ సున్నం కొట్టిన రాళ్లు పాతారు. అధికారి కాఫీ తాగుతుంటే, బోర్డు దగ్గర సైకిల్ పట్టుకుని నిలబడ్డ మనిషితో మాట కలిపాను. పేరు బుద్రి, అవతలి ఊళ్లకి మందులు తీసుకెళ్లే ఆరోగ్య కార్యకర్త.

"గెడ్డ కాడికి నాను సైకిలెక్కుతాను బాబూ. ఆడ్నుంచి సైకిలే నన్నెక్కుద్ది," అంది.

నవ్వాను. ఆమె నవ్వలేదు.

"వానల్లో నొప్పులొచ్చిన మనిసిని డోలీలో మోసుకొత్తే గెడ్డకాడ ఆగిపోనాం. తల్లి దక్కింది, బిడ్డ దక్కలేదు. బాటేసి, చిన్న వంతెన కడితే సాలు. ఇయ్యాల సంత, జనం ఎంతమంది నడుత్తారో మీరే సూత్తారు కదా."

చూస్తామమ్మా అన్నాను.

పన్నెండుకి ఊరేగింపు కదిలింది. ముందు అధికారి, ఆయనకి గొడుగు పట్టే బంట్రోతు, ఫొటోగ్రాఫరు, వెనక మా టోపీలు. ఎదురుగా సంతకి వస్తున్న జనం ఒకరి వెనక ఒకరు బారుగా కనబడ్డారు. ఆడవాళ్ల నెత్తిన బుట్టలు, మగవాళ్ల భుజాన కావిళ్లు, ఇద్దరు ముగ్గురికి సైకిళ్లు. గొడుగు కంటబడగానే ముందున్న ముసలాయన బాట దిగి పక్కనున్న వలిసె చేలోకి వెళ్లి నిలబడ్డాడు. వెనకవాళ్లంతా దిగారు. సైకిళ్లూ దిగాయి. పెద్దవాళ్లు ఎదురైతే దారివ్వడం అక్కడి మర్యాద. మేం దాటేదాకా పసుపుపచ్చటి పూలలో తలలొంచుకుని నిలబడ్డారు. గెడ్డదాకా ఇదే తంతు.

"చూశారా, సంతనాడే బాట ఖాళీ," అన్నారు అధికారి.

"చేలో ఉన్నది జనమే కదండీ?"

"చేలో ఉన్నారు. మనం రాయాల్సింది బాట మీద ఉన్నవాళ్ల గురించి."

వెనకనించి బుద్రి కేకేసింది. "బాటెక్కండ్రా! ఇయ్యాలొద్దు మర్యాద!"

"పెద్దోలికి ఎదురెల్తామేటి? తప్పు కాదేటి?" అన్నాడు ముసలాయన. ఆమెనే మందలించినట్టు చూశాడు.

ఒంటిగంటకి గెస్ట్‌హౌస్‌లో బొంగు చికెన్. చేతులు కడిగేలోపు రిపోర్టు సిద్ధం. సంతనాడు సైతం నడిచేవారు లేరు, పొడిగింపు అనవసరం. కార్యదర్శిగారు సంతకం చేసి కలం నాకిచ్చారు.

"అన్యాయం కదండీ," అన్నాను.

"రైలు మూడింటికి," అన్నారాయన.

చేశాను. సిగ్గు లేదా అంటే ఉంది. కాకపోతే సంతకం ఆరాక వచ్చింది.

తిరుగు రైలు సంత జనంతో కిటకిటలాడుతోంది. నిలబడి ప్రయాణం తప్పదనుకున్నాం. ఈపాటికి బుద్రి గెడ్డలో దిగి, సైకిల్ భుజానికెత్తుకుని ఉంటుంది. ఇంతలో ఖాళీ బుట్టతో కూర్చున్న ఒక ముసలామె నా టోపీ చూసి గబుక్కున లేచింది. వెళ్లి తలుపు దగ్గర నేలమీద చతికిలబడింది.

"కూకోండి బాబూ."

కూర్చున్నాను. ఎవరైనా అడిగితే సీటు ఖాళీగానే ఉందని చెబుతాను. కావాలంటే సంతకం కూడా పెడతాను.