కుడిపక్క నేర్పిన బావగారు

పోయిన వారం పొద్దున్నే గాజువాక నుంచి మా తోడికోడలు ఫోన్ చేసింది. "మీ బావగారు ఎల్లిపోనారమ్మా. టీ అడిగినారు, నాను అట్టుకొచ్చీసరికి నేరు," అంది. ఆ తర్వాత ఇద్దరం ఫోన్లోనే ఏడ్చాం.

ఆయన గురించి నాలుగు మాటలు రాద్దామని కూర్చుంటే నాకే విచిత్రంగా ఉంది. ఆయన నాతో నేరుగా మాట్లాడిన సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. కానీ నాకు అన్నం పెట్టిన విద్య నేర్పింది ఆయనే.

ఇప్పటి పిల్లలకు చెబితే నవ్వుతారు. మా అత్తవారింట్లో తమ్ముడి భార్య బావగారి ఎదుట కూర్చోకూడదు, మొహంలో మొహం పెట్టి మాట్లాడకూడదు. ఆయన వాకిట్లోకి వస్తే నేను వంటింట్లోకి. "తమ్ముడింట్లో ఉన్నాడా?" అని ఆయన గోడను అడిగితే, "లేరు" అని నేను తలుపుకు చెప్పేదాన్ని. అలాగని ఆయనేమీ కోపిష్టి కాదు. మా పిల్లలకు పల్లీ ఉండలు తేకుండా గుమ్మం తొక్కిన రోజు లేదు.

డెబ్బైల చివర్లో మా ఆయన పనిచేసే ఫ్యాక్టరీ మూతపడింది. నేను నర్సుని. ఆ కష్టంలోనే మస్కట్‌లో ఉంటూ చుట్టుపక్కల పల్లెలు తిరిగే నర్సు ఉద్యోగానికి నన్ను తీసుకున్నారు. కాకపోతే ఒక మెలిక పెట్టారు. జీపు నేనే నడుపుకోవాలి. చెప్పిన గడువులోగా ఆ దేశపు లైసెన్సు రాకపోతే తిరుగు విమానం ఎక్కించేస్తారు. ఇక్కడి లైసెన్సయితే ఎలాగో తెచ్చుకున్నాను గాని, అక్కడ స్టీరింగు ఎడమవైపు, బండ్లు నడిచేది రోడ్డుకు కుడిపక్క. ఇద్దరు పిల్లలు, మంచం పట్టిన మామగారు, ఇల్లంతా ఆ లైసెన్సు మీదే ఆధారపడింది. నాకు నిద్ర పట్టేది కాదు.

బావగారు పోర్టులో లారీ డ్రైవరు. అంతకుముందు కొన్నేళ్లు మస్కట్‌లోనే నీళ్ల ట్యాంకరు నడిపి వచ్చారు. ఒకరోజు అరుగు మీద కూర్చుని మా ఆయనతో, "ఒరే, ఆ పిల్లకి నాను నేర్పుతాను. అక్కడికెల్లి కంగారుపడితే ఎలాగ?" అన్నారు.

మా అత్తగారు లోపలి నుంచి ఒక్క ఉదుటున వచ్చారు. "మరదల్ని పక్కన కూకోబెట్టుకుని బండి తోల్తావేటిరా? నలుగురూ ఏటనుకుంతారు?"

"నానెక్కడ తోల్తన్నానమ్మా! తోలేది ఆ పిల్ల కదా," అన్నారాయన.

గాజువాకలో తెలిసినవాళ్ల షెడ్డులో యుద్ధకాలం నాటి జీపు ఒకటి పడి ఉండేది, ఎడమ స్టీరింగుది. దాన్ని బాగుచేయించి తెచ్చారు. ఉక్కు ఫ్యాక్టరీ కోసం పల్లెలు ఖాళీ చేయించిన నేల అప్పటికింకా బోసిగా ఉండేది. మనుషులు లేరు గాని బండి బాటలు మిగిలాయి. అక్కడ కుడిపక్కన నడిపినా అడిగేవాడు లేడు. స్టీరింగు దగ్గర నేను, నా కుడిపక్కన బావగారు, వెనక సీట్లో మా ఆయన. ఆయన ఎందుకంటే, మా మధ్య మాటలు మోయడానికి.

"ఒరే, బిరేకు తొక్కమని సెప్పరా," అనేవారు బావగారు ఎదురుగా చూస్తూ.

"ఏమే, బ్రేకు తొక్కమంటున్నాడు," అనేవారు మా ఆయన. ఆ కబురు నాకు అందేసరికి జీపు తుమ్మపొదలో ఉండేది.

రెండోసారి పొదలో పడ్డాక బావగారు మొహం తుడుచుకుని, "నువ్వు దిగరా తమ్మీ. నీ టపా మాకొద్దు," అన్నారు. మా ఆయన దిగి గట్టు మీద కూర్చున్నారు. ఆ రోజు నుంచి మాటల బదులు దెబ్బలు. లారీల్లో క్లీనరు బాడీ రేకు మీద చేత్తో కొట్టి డ్రైవరుకు చెబుతాడు చూడండి, ఒక దెబ్బ ఆగమని, రెండు దెబ్బలు పొమ్మని. బావగారు నాకు అలా చెప్పడం మొదలుపెట్టారు. నా తప్పు చిన్నదైతే మెల్లగా, పెద్దదైతే రేకు అదిరిపోయేలా. బాగా మలుపు తిప్పినప్పుడు మాత్రం గట్టు మీది తమ్ముడికి వినబడేలా, "పర్లేదురా!" అని అరిచేవారు.

పోర్టు డ్రైవరొకడు ఆ దారిన పోతూ ఇది చూశాడు. "ఏటి బావా, మరదలు కాడ కిలీనర్‌గా సేరిపోనావేటి?" అని ఎకసెక్కమాడాడు. పాతికేళ్ల సర్వీసున్న డ్రైవరు క్లీనరు సీట్లో కూర్చోవడమంటే వాళ్లలో చిన్నతనమే. "సేరినాను. జీతం నేదు గాని పని బాగుంది," అన్నారు బావగారు, ఏమాత్రం తడుముకోకుండా. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. స్టీరింగు పట్టుకుని ఉన్నాను కాబట్టి తుడుచుకోలేదు.

నేర్పవలసిన సూత్రాలు సాయంత్రం అరుగు మీద తమ్ముడికి చెబుతున్నట్టు చెప్పేవారు, లోపల నాకు వినబడేంత గట్టిగా. "తోలేవోడి బుజం ఎప్పుడూ రోడ్డు నడిమికే ఉండాలిరా. ఏ దేశమైనా అంతే." ఇంకొకటి: "ఖాళీ రోడ్డుని నమ్మకూడదు. ఎదర బండుంటే బుర్ర పన్జేస్తాది. ఏటీ నేకపోతే పాత అలవాటే బండి తోలేస్తాది."

మస్కట్‌లో మొదటి పరీక్షలో ఆయన చెప్పినట్టే అయింది. కూడలి దాటగానే రోడ్డు ఖాళీగా కనబడింది, నా చేతులు హాయిగా ఎడమకు తిరిగాయి. పోలీసాయన దిగిపొమ్మన్నాడు. గడువులో మిగిలింది ఇంకొక్క పరీక్షే. రెండోసారి అదే కూడలి దగ్గర ఆగాను. దారి ఖాళీగానే ఉంది, కాలు మాత్రం కదలదు. పిల్లలు గుర్తొచ్చారు. అప్పుడు నా ఎడమ చేయి కిటికీలోంచి బయటికి వెళ్లి తలుపు మీద రెండు దెబ్బలు కొట్టింది. భుజం నడిమికి పెట్టుకుని, కుడిపక్కనే చక్కగా పోయాను.

"ఆ చప్పుడేమిటి?" అన్నాడు పోలీసాయన.

"మా క్లీనరు, సార్," అన్నాను. ఆయనకు ఏం అర్థమైందో గాని లైసెన్సు ఇచ్చాడు. ఇది మా ఆయనకు ఉత్తరం రాస్తే, బావగారు చదివించుకుని విని, పోర్టులో కనబడినవాడికల్లా చెప్పుకున్నారట.

కొన్నేళ్లకు సెలవు మీద వచ్చాను. అనకాపల్లిలో బంధువుల పెళ్లి. బావగారే అంబాసిడరు నడిపి మమ్మల్ని తీసుకెళ్లారు. పెళ్లి పందిట్లో ఆయన కాలు బెణికింది. తిరుగుదారిలో నడపడానికి నేను తప్ప ఎవరూ లేరు. ఆయన కుంటుతూ వచ్చి పక్క సీట్లో కూర్చున్నారు. వెనక మా ఆయన, మా తోడికోడలు అక్క, పిల్లలు. నేను తాళం తిప్పబోతుంటే, గోడకూ తమ్ముడికీ కాదు, మొదటిసారి నా వైపు తిరిగి అన్నారు.

"అమ్మాయ్, ఇక్కడ ఎడం పక్కమ్మా."

"అలాగే బావగారూ," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

ఊరు దాటకముందే ఆయన తల కిటికీకి ఆనింది. అక్క వెనక నుంచి ముందుకు వంగి చూసి, "ఇదేటమ్మా! ఇంకొకరు తోలే బండిలో ఈ మనిసి కునుకు తియ్యడం నానెప్పుడూ సూడనేదు. బస్సులో కూడా డ్రైవరెనకాలే కూకుని దారి సూస్తారు," అంది ఆశ్చర్యంగా.

ఇంటికి చేరేసరికి పొద్దు వాలుతోంది. అందరూ చప్పుడు చేయకుండా దిగిపోయారు. ఇంజను ఆగితే ఎంత నిద్రలో ఉన్న డ్రైవరుకైనా మెలకువ వచ్చేస్తుంది. అందుకని నేను ఆపలేదు. వాకిట్లో బండి గురగురమంటూ ఉంటే, ఆయన లేచేదాకా స్టీరింగు పట్టుకుని అలాగే పక్కన కూర్చున్నాను.