ఒక్క గోలు తేడా

కోచ్ గారికి ఉన్న అలవాటు ఒక్కటే. ఓడిపోవడం.

అప్పుడప్పుడూ ఓడిపోయేవాళ్ళు ఊరినిండా ఉంటారు. కోచ్ గారు ఆ బాపతు కాదు. పదకొండేళ్ళ పాటు, ఒంట్లో బాగున్నా బాగోకపోయినా, వారం తప్పకుండా ఓడిపోయారు. అదీ ఎప్పుడూ ఒక్క గోలు తేడాతోనే. ఆదివారం సాయంత్రం ఐదుంపావు అయ్యేసరికి కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడి, సంబంధం ఖాయమైందని చెప్పడానికి వచ్చిన పెద్దమనిషిలా చెప్పేవారు.

"ఓడిపోయాం. ఒక్క గోలు తేడా."

"అయ్యో. టీ పెట్టనా?" అనేది ఇల్లాలు, కూరగాయల కత్తి పక్కన పెట్టి.

"పెట్టు. ఇవాళ భలే కుదిరింది."

కూర కుదిరిందన్నట్టు ఓటమి కుదిరిందనే మనిషిని ఆవిడ మరెక్కడా చూడలేదు.

ఆయన అసలు పని వేరే. వీధి మలుపులో చిన్న కళ్ళజోళ్ళ షాపు. కోచ్ అన్న పేరు చెల్లెలు వెటకారానికి పెట్టింది, అది అలాగే అతుక్కుపోయింది. ఆయన ఆడేది కంప్యూటర్లో ఫుట్‌బాల్. అందులో బంతి తన్నేది మనం కాదు. మనకో జట్టునిస్తారు. ఎవరు గోల్లో ఉండాలో, ఎవరు ముందుకు ఉరకాలో వరుస రాసి పంపాలి. ఆదివారం ఐదింటికి ఆట దానంతట అదే జరిగిపోతుంది. మనం ఎదురుగా కూర్చుని, తెర మీద ఒక్కో వాక్యం పడుతుంటే చదువుకోవాలి. ఇంతోటి దానికి దేశదేశాల జనం ఎగబడి ఆడతారట.

ఆ జట్టులోవాళ్ళకి కోచ్ గారు తనే పేర్లు పెట్టుకున్నారు. గోల్ కాసేవాడు గోడ. చూడ్డానికి బాగుంటాడు కానీ ఒళ్ళు వంచి ఉరకనివాడు పెళ్ళికొడుకు. ఎక్కడ నిలబెడితే అక్కడ సర్దుకునేవాడు అద్దెకున్నాయన. అందరికంటే పెద్దవాడు మేనమామ. లేని మనుషుల గురించి ఆయన మాట్లాడే తీరు వింటే, వీళ్ళు ఏ పూటకి భోజనానికొస్తారోనని ఇల్లాలికి బెంగగా ఉండేది.

ఇన్ని ఓటములు మూటగట్టుకున్న మనిషి ఊరుకోవచ్చుగా. ఊరుకోలేదు. ఆటలోకి కొత్తగా వచ్చేవాళ్ళకి పాఠాలు చెప్పేవారు. ఒక్క వేలితో టైపు కొడుతూ, కొట్టిందల్లా పైకి చదివేవారు. అందువల్ల ఆ పాఠాలన్నీ వసారాలోంచి వంటింట్లోకి వచ్చి ఇల్లాలి చెవిలోనూ పడేవి.

ఒకసారి బేకరీ నడిపే ఆయనెవరో అడిగాడు. "గురువుగారూ, మా గోల్‌కీపర్ని తీసెయ్యనా? నిన్న మూడు వదిలేశాడు."

"నిన్న మీరు ఎన్ని బన్నులు మాడ్చారు?"

"ఒక ట్రే అండీ."

"మీ ఓనరు మిమ్మల్ని తీసేశాడా?"

"ఓనర్ని నేనేనండీ."

"గోల్‌కీపర్ ఓనరూ మీరేగా. ఇంకో నాలుగు వారాలు ఉంచి చూడండి."

ఆ బేకరీ ఆయన రెండేళ్ళలో పై డివిజన్‌కి పోయాడు. ఆయన వెనకాలే ఒక నర్సమ్మ పోయింది. ఒక బస్సు డ్రైవరు పోయాడు. కొత్తవాళ్ళంతా అట్టడుగు డివిజన్‌లో చేరడం, కోచ్ గారి దగ్గర నాలుగు ముక్కలు నేర్చుకోవడం, ఆయన్నే ఓడించి పైకి పోవడం. ఆయన మాత్రం అక్కడే.

మేడ మీద వాటాలో ఉండే చెల్లెలు ఊరుకునేది కాదు. కొరియర్ ఆఫీసులో రోజంతా జనంతో వాదించి, మిగిలినది ఇంటికి తెచ్చేది.

"అన్నయ్యా, నీ శిష్యులంతా మేడలెక్కారు. నువ్వేంటి, పదకొండేళ్ళుగా నేల మీదే దేకుతున్నావు?"

"ఒకటో తరగతి పంతులు ఎక్కడుంటాడే? ఒకటో తరగతిలోనేగా."

"ఒకటో తరగతి పంతులు ఒకటో తరగతి పరీక్ష తప్పడు కదా."

కోచ్ గారు "అదీ నిజమే," అని తల గోక్కున్నారు.

శనివారం మధ్యాహ్నం షాపు కట్టేసి వచ్చి, నీలం అట్ట నోటుబుక్కు ముందేసుకుని మూడు గంటలు కూర్చునేవారు. మర్నాటి వరుస రాయడానికి. రాసేవారు, కొట్టేసేవారు, పెన్సిలు చెవి వెనక దోపుకుని పైకప్పు వంక చూసేవారు.

"ఇంతసేపు ఆలోచించి ఓడిపోవడం దేనికండీ? ఆలోచించకుండా ఓడిపోతే కాస్త నడుం వాల్చొచ్చుగా," అంది ఇల్లాలు ఒకసారి.

"ఆలోచించకపోతే గెలిచేస్తామోయ్."

ఆవిడ నవ్వుకుంది. ఓడేవాళ్ళకి ఆ మాత్రం మాటకారితనమైనా లేకపోతే ఎలా అనుకుంది.

ఆ మాటకొస్తే ఆయన ఓటమి ఫుట్‌బాల్‌తో ఆగేది కాదు. మధ్యాహ్నం కరెంటు పోయిందంటే ఇద్దరూ పేకముక్కలు ముందేసుకునేవారు. పెళ్ళైన కొత్తలో ఆవిడకి రమ్మీ నేర్పింది ఆయనే. నేర్పిన ఆర్నెల్లకే ఆవిడ చేతిలో ఓడిపోవడం మొదలుపెట్టి, ముప్పై ఏళ్ళు ఓడిపోతూనే ఉన్నారు. "ఒక్క ముక్క. ఆ ఒక్క ముక్క పడుంటేనా," అని ముక్కలు కింద పడేసేవారు. ఐదో తరగతితో బడి మానేసిన ఇల్లాలికి లోకంలో ఫస్టు వచ్చే సబ్జెక్టు అదొక్కటే.

"మీకు ఫుట్‌బాలూ రాదు, పేకాటా రాదు. కళ్ళజోళ్ళైనా సరిగ్గా చేస్తున్నారా?" అనేది.

"చేస్తున్నాననే అనుకుంటున్నా. ఎవరూ గోడకి గుద్దుకున్నట్టు కబురు రాలేదు."

పోయిన వానాకాలం కోచ్ గారు వెళ్ళిపోయారు. షాపులో ఎవరిదో ఫ్రేము సరిచేస్తూ, కూర్చున్నవారు కూర్చున్నట్టే. ఎవరికీ ఏ ఇబ్బందీ పెట్టకుండా బతికిన మనిషి, పోవడంలోనూ ఆ పద్ధతే పాటించారు. తర్వాత ఇల్లు మరీ నిశ్శబ్దమైపోయింది. ఆదివారం ఐదుంపావుకి వంటింటి గుమ్మం వైపు చూడాల్సి వస్తుందని, ఆ వేళకి ఇల్లాలు ఆరిన బట్టలు తీసే నెపంతో మేడ ఎక్కేది. ఆరేసినవి నాలుగే ఉన్నా అరగంట తీసేది.

ఏటా ఆ ఆటకి ఆరు వారాలు సెలవులు. ఆ సెలవుల్లోనే ఆయన పోవడంతో శిష్యులెవరికీ తెలియలేదు. సెలవులు అయిపోవచ్చాక ఒక శనివారం ఆయన ఫోన్‌కి కబురొచ్చింది. ఆడపడుచు పైకి చదివింది. "రేపటి నుంచి కొత్త సీజన్. ఐదింటిలోగా వరుస రాకపోతే మీ జట్టును తీసేస్తాం."

"పోనీలే వదినా. ఆటేగా," అంది.

"గోడ ఎక్కడికి పోతాడు?" అంది ఇల్లాలు.

ఆడపడుచు వాదన పెట్టుకోకుండా లేచి వెళ్ళి, కంప్యూటర్ మీద వదిన కుట్టిన గుడ్డ తొడుగు తీసింది. పాస్‌వర్డు కోసం వెతకాల్సిన పని లేకపోయింది. తెరకి పక్కనే, కళ్ళు పరీక్ష చేసే చార్టులోలాగా పెద్దక్షరాలతో అంటించి ఉంది.

"వరుస నేను రాస్తాను," అంది ఇల్లాలు. "పదకొండేళ్ళు ఓడిపోయారు పాపం. ఒక్కసారి ఆయన జట్టుని గెలిపిద్దాం."

ఆవిడకి ఫుట్‌బాల్ తెలియదు. మనుషులు తెలుసు. వంటింటి అలమర సర్దినట్టు సర్దింది. రోజూ చేతికి కావలసినవి ముందు, బరువైనవి కింద, అపురూపమైనవి వెనక. గోడని గోల్లో నిలబెట్టింది. మేనమామని మధ్యలో పెట్టింది. అద్దెకున్నాయనకి పదకొండేళ్ళలో మొదటిసారి ఒకచోట స్థిరమైన నివాసం దొరికింది. పెళ్ళికొడుకుని బయట కూర్చోబెట్టి, "కాసేపు కూర్చో నాయనా, అలిసిపోయుంటావు," అంది. అంతా కలిపి పది నిమిషాలు.

మర్నాడు ఐదింటికి ఇద్దరూ తెర ముందు కూర్చున్నారు. నాలుగో నిమిషంలో గోల్. తొమ్మిదో నిమిషంలో ఇంకోటి. ఆడపడుచు చప్పట్లు కొట్టింది. ఆట అయ్యేసరికి తొమ్మిది సున్నా.

"వదినా, నువ్వు మామూలుదానివి కాదు. అన్నయ్య పదకొండేళ్ళలో చేయలేనిది పది నిమిషాల్లో చేశావు."

ఇల్లాలు కళ్ళు తుడుచుకుని నవ్వుతుండగానే తెర మీద ఉత్తరాలు పడటం మొదలైంది.

బేకరీ ఆయన: "గురువుగారూ, తొమ్మిదా? ఒంట్లో కులాసాయేనా?"

బస్సు డ్రైవరు: "మీ పాస్‌వర్డు ఎవడో కొట్టేశాడు. వెంటనే మార్చండి."

నర్సమ్మ: "జ్వరం ఉందా? ఎంత ఉంది? పక్కన ఎవరైనా ఉన్నారా?"

"ఇదేంటే," అంది ఇల్లాలు. "ఓడిపోయినన్నాళ్ళూ అడగనివాళ్ళు గెలిస్తే ఆరోగ్యం అడుగుతారేం?"

చివరి ఉత్తరం ఆ రోజు ఓడిపోయినాయనది. తాపీ మేస్త్రి. "కాలు విరిగి మూడు నెలలుగా మంచం మీద ఉన్నాను. ఏదో పొద్దుపోతుందని ఇందులో చేరాను. ఇవాళే మొదటి ఆట. ఇదీ నావల్ల కాదని తేలిపోయింది. మానేస్తున్నాను. సెలవు."

'ఇదీ' అన్న మాట దగ్గర ఇల్లాలి చూపు ఆగిపోయింది.

జరిగిన సంగతి నర్సమ్మకి రాయించింది. మర్నాడు పొద్దున జవాబుగా ఫోనే వచ్చింది.

"అమ్మా, ఆయన జట్టు మా అందరి జట్ల కంటే గట్టిది," అంది నర్సమ్మ. "పై డివిజన్‌లో కూడా దానికి ఎదురు లేదు. నాకు రెండో ఏడు గానీ తెలియలేదు."

"మరి ఓడిపోవడం?"

"మొదటి ఆటే ఓడిపోతే కొత్తవాళ్ళు చాలామంది మానేస్తారమ్మా. పోనీ అని అప్పనంగా గెలిపిస్తే తెలిసిపోతుంది. అందుకని ఒక్క గోలు. అలా ఓడిపోవాలంటే ఎంత లెక్క కావాలో తెలుసా? నేను ప్రయత్నించాను, నావల్ల కాలేదు."

"ఈ మాట ఆయనతో ఎప్పుడైనా అన్నారా?"

"లేదమ్మా. కనిపెట్టినవాళ్ళం ఎవరమూ అనలేదు. ఆయన అంత కష్టపడి దాచుకుంటుంటే ఎలా అంటాం?"

ఇల్లాలు నీలం అట్ట నోటుబుక్కు తీసింది. షాపులో ఒక్కో కంటికి ఏ అద్దం కావాలో రాసుకున్నట్టే, ఒక్కో మనిషికి ఏ ఓటమి కావాలో రాసి ఉంది. "బేకరీ. తొందర ఎక్కువ. మొదటి పది నిమిషాల్లో గోలు పడాలి. రెండు ఒకటి." "నర్సమ్మ. తేరగా వస్తే నమ్మదు. మూడు రెండు, చివరి నిమిషంలో." "డ్రైవరు. ఇంట్లో దిగులుగా ఉన్నాడు. ఈ వారం, వచ్చే వారం కూడా."

ఆవిడ నోటుబుక్కు మూసి, "మేస్త్రికి ఉత్తరం రాయి అమ్మాయ్," అంది.

"మేస్త్రి గారూ, నిన్న ఆడింది కోచ్ గారు కాదు, ఆయన భార్యని. నాకు ఆట రాదు. పొరపాటున గెలిచాను. బుధవారం సాయంత్రం పోటీ లెక్కలోకి రాని సరదా ఆట ఒకటి పెట్టుకోవచ్చట. నాతో ఇంకోసారి ఆడండి."

జవాబు వెంటనే వచ్చింది. "తొమ్మిది గోల్స్ పొరపాటున కొడతారా అమ్మా?"

"మొదటిసారి కదండీ," అని రాయించింది.

ఓడిపోవడం ఎంత కష్టమో మంగళవారం మధ్యాహ్నం తెలిసింది. ఇటు చూస్తే నాలుగు సున్నా గెలిచేలా ఉంది, అటు చూస్తే ఆరు సున్నా ఓడేలా ఉంది.

"పెళ్ళికొడుకుని గోల్లో పెట్టెయ్ వదినా."

"మరీ అంత పచ్చిగా చేస్తే మేస్త్రికి తెలియదా? గోడ గోల్లోనే ఉండాలి. మేనమామకి ఈ వారం విశ్రాంతి. పెళ్ళికొడుకు ముందు నిలబడితే చాలు, అందరికీ అడ్డం వస్తాడు."

మూడు గంటలు పట్టింది. చివరికి చూసుకుంటే పెన్సిలు ఆవిడ చెవి వెనక ఉంది.

బుధవారం ఎనభయ్యో నిమిషానికి మూడు రెండు, మేస్త్రి పైచేయి. అంతా పద్ధతిగా ఉందనుకుంటుండగా, ఎనభై తొమ్మిదో నిమిషంలో, జన్మలో ఉరకని పెళ్ళికొడుకు బంతి పట్టుకుని ఉరకడం మొదలుపెట్టాడు.

"వద్దు నాయనా," అంది ఇల్లాలు తెరతో. "ఇన్నేళ్ళు కదలనివాడివి, ఇవాళే కదలాలా?"

ఆడపడుచు ముఖానికి చేతులు అడ్డం పెట్టుకుంది. తెర మీద వాక్యం పడింది. బంతి గోల్ స్తంభానికి తగిలి బయటికి పోయింది. ఆట అయిపోయింది.

ఆడపడుచు టీ పెట్టడానికి లేచింది. కాసేపటికి ఇల్లాలు వెళ్ళి వంటింటి గుమ్మంలో నిలబడింది. ఆయన చేసిచ్చిన కళ్ళజోడు నుదుటి మీదికి ఎప్పుడు పోయిందో ఆవిడకే తెలియదు.

"ఓడిపోయాం. ఒక్క గోలు తేడా."

"భలే కుదిరింది వదినా," అంది ఆడపడుచు, స్టవ్ వైపు తిరిగే.

మేస్త్రి ఉత్తరం అప్పటికే వచ్చి ఉంది. "గెలిచానమ్మా. మంచం దిగి ఇల్లంతా కర్రతో తిరిగి అందరికీ చెప్పాను. ఆదివారానికి ఎవర్ని ముందు పెట్టమంటారు?"

టీ తాగుతుండగా కరెంటు పోయింది. ఆడపడుచు అలమర మీంచి పేకముక్కలు తీసింది. "చాలా రోజులైంది కదా. నాకు సరిగ్గా రాదు, కాస్త చూసి ఆడు."

"చూసే ఆడతాలే," అంది ఇల్లాలు ధీమాగా.

మొదటి ఆట ఓడిపోయింది. చెయ్యి తిరగలేదనుకుంది. రెండోదీ ఓడిపోయింది. మూడోది, నాలుగోది. ఐదో ఆటలో ఆడపడుచు ముక్కలు కింద పరిచేసరికి, ఇల్లాలి చేతిలో ఒక్క సెట్టూ లేదు. ఆవిడ ఆ ముక్కలు ఒక్కొక్కటే తిరగేసి చూసింది.

"ముప్పై ఏళ్ళు," అంది.

"ఏంటి వదినా?"

"మీ అన్నయ్య. కనపడితే అడిగేదాన్ని."

"ఏమని?"

ఇల్లాలికి నవ్వాగలేదు. పమిటతో నోరు నొక్కుకున్నా ఆగలేదు. అసలు సంగతేమిటో తెలియకపోయినా ఆడపడుచూ నవ్వడం మొదలుపెట్టింది.

"ఏం అడుగుతాంలే. అంత కష్టపడి దాచుకున్నాక," అంది ఇల్లాలు, ముక్కలు పోగుచేసి ఆడపడుచు ముందుకు తోస్తూ. "పంచు. ఈసారి నిజంగా ఆడతాను."