బావ దాచిన బట్టల కొట్ల ఉత్తరాలు

నా చేతిరాత కోడిగీతలు. తప్పులుంటాయి, మన్నించి చదవండి. మా అక్క భర్త, నాకు పెద్ద బావ, మొన్న శనివారం పోయారు.

ఆయన సైకిలు మీద బట్టల మూట కట్టుకుని అడవి అంచు ఊళ్ళలో అమ్మేవారు. సారపాకలో పాత కాగితాలు తూకానికి కొనే దుకాణంలో ఆగేవారు. వెనకటి బట్టల వ్యాపారులు ఒకరికొకరు రాసుకున్న ఉత్తరాలు ఆ కట్టల్లో కనిపిస్తే తెచ్చి రేకుపెట్టెలో దాచేవారు. ప్రతి ఉత్తరానికీ నమూనాగా ఒక బట్ట ముక్క దారంతో కుట్టి ఉండేది. మూలలకు పసుపు రాసి ఉండేది.

"గీ రంగు జూడు బామ్మర్ది. రాసినోడు పోయిండు, కట్టినామె పోయింది. ఇది పోలె," అనేవారు.

ఆరేళ్ళ కింద మా వీధిలో ఒక బాలింత చనిపోయింది. ఆమె భర్త, ఇంకో నలుగురు పట్టపగలు బావ ఇంట్లోకి వచ్చి పెట్టె బోర్లించారు. పేలికలు, దారం, పసుపు.

"గియ్యేంది? మంత్రాలు జేసెటోని ఇంట్ల గాక ఇంకేడుంటయ్?" అన్నాడొకడు.

గొడ్డలి కామతో మోకాలి మీద కొట్టారు. ఎముక విరిగిన చప్పుడు విన్నాను. ఇంకో దెబ్బకు రెండు పళ్ళు నెత్తుటితో ఆ ఉత్తరాల మీదే పడ్డాయి.

ఆ భర్త ఒక ఉత్తరం నా చేతిలో పెట్టాడు. "నువ్వు బడికి పోయినోనివి గద. సదువు."

మనసులో చదువుకున్నాను. నేరేడు రంగు చీరలు, అంచు సన్నగా, పండక్కి ముందే పంపగలరు. అంతే ఉంది. నన్నూ కొడతారేమో అనుకున్నాను. ఈ రాత చదవడం నాకు రాదన్నాను. ఆ మాట విని మళ్ళీ కొట్టారు.

దవాఖానాలో కాలికి కట్టుతో పడుకుని బావ నన్ను చూసి నవ్వారు. "గంత సన్నగ రాస్తే ఎవనికస్తది రా," అన్నారు. అప్పటి నుంచి కుంటుతూనే నడిచారు. పోయేదాకా ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు.

ఇప్పుడు అక్క అంటుంది: "నెలమాసికం దాకనే గీ కాయితాలు ఉంచుత తమ్ముడూ. తర్వాత పొయ్యిల వెడత. ఇంకోసారి ఎవరన్న ఇంట్లకొస్తే నేను తట్టుకోను."

అందుకని రోజూ పొద్దున ఆమె అరుగు మీద కూర్చుని ఒక్కో ఉత్తరం వీధికి వినబడేట్టు చదువుతున్నాను. నిన్న ఆ బాలింత భర్త దడి అవతల ఆగాడు. చిలకాకుపచ్చ తానులు నాలుగు, బండిలో తడవకుండా పంపండి అని చదివాను.

"గంతేనా?" అన్నాడు.

"అవ్, గంతే."

పోలేదు. దడి కర్ర పట్టుకుని తల వంచుకున్నాడు.

మీ పెద్దల్లో ఎవరైనా బట్టల కొట్టు నడిపి ఉంటే, ఈ పెట్టెను పదిలంగా ఉంచగలిగితే, జల్దీ జవాబు రాయండి.